మై గైడ్ ఫైర్డ్ మీ

కిందటి వారం మనం రజినిని ఇంగ్లీషు పరీక్ష గది బయట నవ్వు మొహంతో వదిలేసి వచ్చాం. ఆ నవ్వు ఎన్నాళ్లకు వచ్చిందో మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు తెలుసు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. రజిని లాలాపేట్ పిల్ల. డిగ్రీ దాకా తెలుగు మీడియం. రైల్వే కార్మికుల కుటుంబాల చరిత్ర మీద యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పరిశోధన ఎంత బాగున్నా సరే, థీసిస్ ఇచ్చేముందు ఇంగ్లీషులో మాట్లాడి మెప్పించాలని యూనివర్సిటీవాళ్లు కొత్తగా నియమం పెట్టారు. ఇచ్చేది రెండే అవకాశాలు. మొదటిసారి రజినికి నోరు పెగల్లేదు. రెండోసారీ తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు, హాస్టల్ గది ఖాళీ, ఇన్నేళ్లు పడ్డ పాట్లన్నీ గంగపాలు.

అలాంటి పరీక్షలో ఈసారి ఆమె గడగడా మాట్లాడింది. ముఖ్యంగా చివరి ప్రశ్నకు. "మీ గైడుతో నీ పని ఎలా సాగుతోంది?" అని పరీక్ష కమిటీ పెద్ద పూర్ణిమా మేడం ఇంగ్లీషులో అడిగితే, బట్టీ పట్టని ప్రశ్న అయినా తడుముకోకుండా జవాబిచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తన ఇంగ్లీషుకు ముచ్చటపడ్డారనుకుంది పిచ్చిది.

వాళ్లు ఎందుకలా చూసుకున్నారో మర్నాడు మధ్యాహ్నం హాస్టల్లో తెలిసింది. 

రజిని గదిలోనే ఉండే కరుణ ఇంగ్లీషు డిపార్ట్‌మెంటులో రీసెర్చ్ చేస్తోంది. మంచం మీద కాళ్లు బార్లా చాపుకుని, టిఫిన్ డబ్బా మూతలో పులిహోర తింటోంది. అప్పుడే రజిని ఫోనుకు మెసేజ్ వచ్చింది. పూర్ణిమా మేడం నుంచి, ఇంగ్లీషులో, బారెడు. రజిని ఒకసారి చదివింది. మళ్లీ చదివింది. మాటలన్నీ తెలిసినవే. అన్నీ కలిస్తే ఏమవుతుందో మాత్రం అందలేదు. ఫోన్ కరుణ చేతికిచ్చింది.

కరుణ చదువుతూ నమలడం ఆపేసింది.

"మీ గైడ్ గురించి ఏం జెప్పినవే నువ్వు?"

"ఏం లేదే. మంచిగనే చెప్పిన."

"మంచిగ చెప్తె గిట్ల రాస్తదా ఆమె? 'నువ్వు చెప్పింది చాలా సీరియస్ విషయం. కమిటీకి చెప్పకుండ గైడ్ గట్ల చెయ్యనీకి లేదు. రేపు పొద్దుగాల నా రూముకొచ్చి నిజమేనని చెప్పు, నేను నీ పక్కన నిలబడ్త. గప్పటిదాంక నీ రిజల్ట్ ఆపిపెడుతున్న.' గిదీ సంగతి. ఏం చెప్పినవో చెప్పింది చెప్పినట్టు చెప్పు."

రజిని గొంతు సవరించుకుంది. "మై గైడ్ ఫైర్డ్ మీ, మేడం. లాస్ట్ వీక్... అన్న."

"ఫైర్డ్ మీ?"

"ఆఁ. మూడో చాప్టర్ మీద సార్ ఫైరయిండ్రు గద. గదే చెప్పిన. 'హౌ డిడ్ యూ ఫీల్?' అన్నది మేడం. ఐ క్రైడ్ మేడం, బట్ ఇట్ ఈజ్ ఫర్ మై గుడ్ ఓన్లీ అన్న. మేడం కండ్లల్ల నీళ్లు తిరిగినయే, నేను చూసిన."

కరుణ పకపకా నవ్వింది. పులిహోర మెతుకు పొలమారి, దగ్గి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వింది. రజిని వెర్రిమొహం వేసుకుని చూస్తూ నిలబడింది.

నవ్వడానికి కారణం లేకపోలేదు. మన దగ్గర ఎవరైనా ఫైరయ్యారంటే కోపంతో ఎగిరిపడ్డారని అర్థం. ఎమ్మార్వో వీఆర్వో మీద ఫైరవుతాడు, అత్త కోడలి మీద ఫైరవుతుంది, పేపర్లోనూ అలాగే రాస్తారు. మాట ఇంగ్లీషుదే కదా, ఇంగ్లీషులోనూ అదే అర్థమని రజిని అనుకుంటే తప్పేముంది? తప్పు లేదుగానీ, ఇంగ్లీషులో 'ఫైర్డ్ మీ' అంటే నన్ను కొలువులోంచి తీసేశారని, మెడపట్టి గెంటేశారని. కరుణ ఆ సంగతి విడమరిచి చెప్పేసరికి రజిని మంచం కోడు పట్టుకుని కూలబడింది.

"అంటే సార్ నన్ను ఎల్లగొట్టిండ్రని చెప్పిన్నా నేను?"

"అందరి ముంగట. ఏడ్చిన్నని గూడ చెప్పినవ్."

"పూర్ణిమా మేడం అంటే ఢిల్లీల పెరిగింది, ఆమెకు మన మాట తెల్వదు. మరి భూపాల్ సార్ ఉండె గద గాడ! మా హెడ్డు. ఆయనది మన దిక్కే. ఫైరయిండంటే తిట్టిండని ఆయనకు తెల్వదా?"

"ఆయనేమన్నడు?"

"ఏమనలే. గ్లాసు దీసుకొని నీళ్లు తాగిండ్రు."

కరుణ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. మెసేజ్ మరోసారి చదివి, ఫోన్ బోర్లించి పెట్టింది.

"రేపు పోయి చెప్పు. మేడం, స్కోల్డెడ్ అనబోయి ఫైర్డ్ అన్న, తిట్టిండ్రని నా అర్థం అని చెప్పు. ఖతం."

"చెప్తే పాస్ చేస్తరా?"

కరుణ పులిహోర మూత పక్కకు జరిపింది.

"చెప్పవే. ఇంగ్లీష్ టెస్టుల నేనన్న ఇంగ్లీష్ తప్పని నేనే పోయి ఒప్పుకుంటే పాస్ చేస్తరా?"

"చెయ్యరు," అంది కరుణ. "ఒప్పుకోకుంటే మీ సార్ మీద ఎంక్వైరీ పడ్తది."

రజినికి ఏడుపు రాలేదు. భయం ఏడుపును కూడా రానివ్వలేదు. సార్‌ను ఇరికిస్తే తను గట్టెక్కుతుంది. సార్‌ను కాపాడితే తను మునుగుతుంది. నిన్నటినుంచి ఎంత సంతోషపడిందో తలుచుకుంటే సిగ్గేసింది. లాలాపేట్‌లో అమ్మ కాశమ్మ ఈపాటికి చర్చి నుంచి వచ్చేవాళ్లందరికీ పాసైనట్టే చెప్పి ఉంటుంది.

"సార్ ఇంటికి పోయొస్త," అని లేచింది. "ఆయన్నే అడుగుత ఏం జెయ్యాల్నో."

* * *

క్యాంపస్ గేటు దాటి తార్నాక వైపు నడుస్తుంటే తండ్రి దానియేలు ఫోన్ చేశాడు.

"ఏమాయె బిడ్డా? పాసేనా?"

"రిజల్ట్ ఇంక రాలే నాయినా."

"ఎప్పుడొస్తదట?"

"రేపు చెప్తరంట."

"మంచిగ చెప్పిన్నంటివి గద నిన్న?"

"మంచిగనే చెప్పిన నాయినా. రోడ్డు మీదున్న, మల్ల చేస్త," అని పెట్టేసింది. తండ్రికి అబద్ధం చెప్పలేదు. చెప్పలేదు గనకే ఇంకా బాధగా ఉంది.

మెట్రో స్టేషన్ కింద ఆటోలవాళ్లు లాలాపేట్, లాలాపేట్ అని కేకలు పెడుతున్నారు. ఎక్కి ఇంటికి వెళ్లిపోతే బాగుండుననిపించింది ఒక్క క్షణం. సిగ్నల్ దగ్గర ఏ గోడ చూసినా స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులే. దారంతా పెదాలు కదుపుతూ నడిచింది. స్కోల్డెడ్. హి స్కోల్డెడ్ మీ. నాలుక తిరగని మాట. ఈ మాట నిన్న గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది!

తన గైడ్ దయాకర్ సార్ ఏమంటారోనన్న బెంగ ఒకవైపు. మరోవైపు చిన్న ధైర్యం. యూనివర్సిటీలో చేరిన మొదటిరోజు, ఇంగ్లీషు పుస్తకాలు చూసి బిక్కచచ్చిపోయిన రజినిని కూర్చోబెట్టి, "నేను గూడ తెలుగు మీడియమేనమ్మా, భయపడకు, నేనున్న" అన్న మనిషి ఆయన. తిట్టడమంటారా, తిడతారు. కాగితాలు మొహాన కొడతారు. కానీ అలా తిట్టేవాళ్లెవరూ వదిలెయ్యరని రజిని నమ్మకం. అందుకే పరీక్షలో ఆ మాట అంత ప్రేమగా చెప్పింది.

చౌరస్తా వెనక సందులో సార్ ఇల్లు. తలుపు తీసిన ప్రమీలమ్మ, సార్ భార్య, రజినిని చూడగానే కొంగుతో మూతి తుడుచుకుంది. ఎప్పుడొచ్చినా "రా బిడ్డా" అని చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్లే మనిషి. ఇవాళ గడపలోనే నిలబడిపోయింది.

"వచ్చినవా? నేను మొదటికెల్లి చెప్తనే ఉన్న ఈయనకు, పిల్లను ఎదురుంగ కూసోబెట్టి నీ నోటితోనే చెప్పు అని. వింటెగద!"

రజినికి ఏమీ అర్థం కాలేదు. సార్ అప్పుడే కోపంగా ఉన్నారు కాబోలనుకుంది. చెప్పులు విప్పి హాల్లోకి వెళ్లింది. దయాకర్ సార్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. చదివేసిన పేపరు మళ్లీ చదువుతున్నారు. తలెత్తలేదు.

"సార్, నాతోని పెద్ద తప్పయింది," అంది రజిని.

"తప్పు నీది కాదులే." పేపరు మడిచారు. "భూపాల్ నిన్న సాయంత్రమే ఫోన్ చేసిండు. కమిటీ ముంగట చెప్పేసినవంట."

"చెప్పిన సార్. కని నాకు తెల్వకుండ..."

"నీకెవరు చెప్పిండ్రు?"

"కరుణ చెప్పింది సార్. ఇయ్యాల్నే."

"కరుణకెట్ల తెలుసు?" సార్ గొంతు లేచింది. "నాకూ భూపాల్‌కూ తప్ప డిపార్ట్‌మెంట్ల మూడో మనిషికి తెల్వదు గా సంగతి!"

రజిని బిత్తరపోయింది. సార్ ఎందుకు అరుస్తున్నారో అంతుపట్టలేదు. "ఆమెది ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ గద సార్. డిక్షనరీల గూడ ఉంటదంట."

"డిక్షనరీల ఉంటదా? ఏముంటది డిక్షనరీల?"

"ఫైర్డ్ అంటే తీసేసుడని."

సార్ చేతిలో పేపరు ఒళ్లోకి జారింది. వంటింటి గుమ్మంలో ప్రమీలమ్మ అలాగే నిలబడింది. రజిని గబగబా చెప్పుకొచ్చింది. మూడో చాప్టర్ గురించి, ఫైరయిండ్రు అన్న మాటను ఇంగ్లీషు చేసుకున్న తీరు గురించి, మేడం మెసేజ్ గురించి. "మీరు నన్ను తిట్టిండ్రని చెప్పబోయిన సార్. గంతే. మీరు తీసేసిండ్రని నేనెందుకంట? తీసెయ్యలే గద మీరు."

చివరి మాట అంటుండగానే ఎక్కడో తట్టింది. నాకూ భూపాల్‌కూ తప్ప. ఎదురుంగ కూసోబెట్టి చెప్పు. భూపాల్ సార్ తాగిన నీళ్లు.

"సార్," అంది నెమ్మదిగా. "మూడో మనిషికి ఏం తెల్వదు సార్?"

దయాకర్ సార్ కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఆ పిల్లకు ఏమీ తెలియదని, తన గుట్టు తనే బయటపెట్టుకున్నానని ఆయనకు అప్పటికి అర్థమైంది. ఎంత తుడిచినా ఆ అద్దాల మీది మరక పోలేదు.

"చెప్పు," అంది ప్రమీలమ్మ గుమ్మంలోంచి. "ఇప్పుడన్న చెప్పు."

"నా స్కాలర్లు ఇద్దరు గీ టెస్టుల ఫెయిలయి పోయిండ్రు," అన్నారు సార్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మూడో మనిషి గూడ పోతే ఇగ ఆ గైడుకు కొత్తోళ్లను ఇయ్యొద్దని రూలు పెట్టిండ్రు. రిటైర్మెంట్ దాంక ఖాళీగ కూసోవాలె నేను. అందుకని నీ రిజల్ట్ రాకముందే నిన్ను నా పేరు మీదికెల్లి తియ్యుమని భూపాల్‌కు చెప్పిన. వేరే గైడుకు ఇయ్యుమన్న."

"ఏ గైడుకు సార్?"

సార్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "చూద్దామనుకున్నం."

చూద్దామనుకున్నారు. అంటే ఎవరూ లేరు. నిన్న పరీక్ష గదిలో నోటికొచ్చిన తప్పు మాట తప్పే కాదన్నమాట. తనకు తెలియకుండానే నిజం చెప్పింది. ఆ గదిలో ఆ నిజం తెలిసిన ఒక్క మనిషీ నీళ్లు తాగి ఊరుకున్నాడు.

"నేను ఫెయిలైతనని మీరే అనుకున్నరా సార్?"

"నేను గూడ తెలుగు మీడియమే గదమ్మా. ఎంత కష్టమో నాకు తెల్సు. తెల్సు గనకనే..."

"మొదటిరోజు గూడ గీ మాటనే అన్నరు సార్ మీరు." రజిని గొంతు పెంచింది. సార్ ఎదుట ఆమెకు కోపం రావడం ఇదే మొదలు. "గా మాట పట్టుకునే ఇన్నేండ్లు చదివిన. మీరు తిడితే గూడ మంచికే తిడ్తుండ్రనుకున్న. కమిటీ ముంగట గూడ గదే చెప్పొచ్చిన. మీరేమో టెస్టు కాకముందే నన్ను ఫెయిల్ జేసిండ్రు."

ఆయన తల వంచుకున్నారు. బయట సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తన్నుతూనే ఉన్నారు.

"ఒక పని చెయ్యి," అన్నారు సార్ చివరికి. "రేపు పొద్దుగాల మేడం దగ్గరికి పో. తిట్టిండ్రని అనబోయి గట్లన్న, ఇంగ్లీష్ సరిగ రాక అన్న అని చెప్పు. అబద్ధమేం కాదు గద? నువ్వు అనబోయింది గదే గద? భూపాల్‌తోని నేను మాట్లాడ్త, నిన్ను తీసేసే ముచ్చట గీన్నే ఆగిపోతది. నిన్ను నేనే చూసుకుంట."

"గట్ల చెప్తే టెస్టు పోతది సార్. నాకు ఇదే ఆఖరి ఛాన్స్."

"ఇంకో ఛాన్స్ కోసం నేను అడుగుత."

"ఎవర్ని? భూపాల్ సార్‌నా?"

ప్రమీలమ్మ గుమ్మం వదిలి వచ్చి రజిని పక్కన నిలబడింది. "ఇగ చాలు," అంది భర్తతో. "పిల్లను ఇంకేం అడగకు. అడిగే మొహమేనా మనది?"

అంతలో రజిని ఫోన్ మోగింది. తెర మీద పూర్ణిమా మేడం పేరు. మధ్యాహ్నం పెట్టిన మెసేజ్‌కు జవాబు రాలేదని చేస్తోంది కాబోలు. రజిని సార్ వైపు చూసింది. సార్ రెండు చేతులూ సగం పైకెత్తారు. దండం పెడుతున్నారో వద్దంటున్నారో తెలియలేదు. ఎత్తకపోతే ఆగిపోయేదే. కానీ రేపటిదాకా ఈ భయాన్ని మోయడం తనవల్ల కాదనిపించింది. స్పీకర్ నొక్కింది.

మేడం నిదానంగా, ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో అడిగింది. భయపడొద్దంది. ఎవరూ ఏమీ అనరంది. ఒక్కటే చెప్పమంది, మీ గైడు నిన్ను తీసేశారా, లేదా?

రజిని ఎప్పుడూ వాక్యాన్ని ముందు తెలుగులో కట్టుకుని, ఒక్కో మాటనూ ఇంగ్లీషులోకి మార్చుకుని, అప్పుడు నోరు తెరిచేది. ఈసారి కట్టుకోలేదు.

"లాస్ట్ వీక్ హి స్కోల్డెడ్ మీ, మేడం," అంది. "ఐ టోల్డ్ యూ ద రాంగ్ వర్డ్."

దయాకర్ సార్ కళ్లు మూసుకున్నారు. భుజాలు దిగాయి. పెద్ద నిట్టూర్పు విడిచారు. ప్రమీలమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ నిట్టూర్పు అర్థమైనట్టుంది. మొహం తిప్పుకుంది.

"బట్ టుడే హి ఫైర్డ్ మీ, మేడం. టుడే ఓన్లీ ఐ కేమ్ టు నో."

సార్ కళ్లు తెరిచారు.

మాట తప్పు, విషయం ఒప్పు. దీన్ని పరీక్షలో ఏ గళ్లో వెయ్యాలో మేడంకైనా తోచిందో లేదో. తర్వాత ఆమె గొంతు మారింది. ఎక్కడున్నావని అడిగింది. సార్ ఇంట్లో ఉన్నానంది రజిని. సార్ అక్కడే ఉన్నారా? ఉన్నారు.

"గివ్ హిమ్ ద ఫోన్," అంది మేడం.

రజిని దగ్గరికి వెళ్లి ఫోన్ ఆయన ముందుకు చాపింది. "ప్రొఫెసర్ దయాకర్? కెన్ యూ హియర్ మీ?" అంటోంది ఫోన్లోంచి మేడం. ఇద్దరు స్కాలర్ల సంగతి, భూపాల్‌తో జరిగిన మంతనాలు, చూద్దామనుకున్న గైడు, అన్నీ ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పుకోవాలి ఆయన.

ఆయన ఫోన్ అందుకోలేదు. పెదాలు తడుపుకున్నారు. మేడంకు వినపడకుండా గొంతు తగ్గించి, తన శిష్యురాలి కళ్లల్లోకి చూశారు.

"ఏమని చెప్పాలె రజినీ?" అన్నారు. "ఇంగ్లీషుల ఏమని చెప్పాలె?"

రజిని ఫోన్ ఆయన నోటి దగ్గరికి ఇంకాస్త జరిపింది.